మొదటి రంధ్రాన్ని అనుమానించండి

టూల్‌రూమ్ ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో రోటరీ టేబుల్ (పని చేసే ముక్కను, అంటే జాబ్‌ను, కావలసిన కోణానికి తిప్పి ఆపే బల్ల) గురించి నాలుగు మాటలు రాసినందుకు ఈసారి ఉత్తరాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. ఒకే ఇబ్బంది మీద వచ్చినవాటిని కలిపి జవాబులు రాస్తున్నాను. కింద ఎక్కడ సెకను అని రాసినా అది కోణం కొలత, గడియారం సెకను కాదు. డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు, పూర్తి చుట్టుకు 12,96,000 సెకన్లు.

ప్రశ్న: మేము పంపు ఫ్లాంజీలు చేస్తాము. 160 మి.మీ. పీసీడీ (రంధ్రాల కేంద్రాలు పడే వృత్తం వ్యాసం) మీద 8 రంధ్రాలు, అన్నీ 12 మి.మీ. రీమర్‌తో పూర్తిచేసినవి. చేత్తో తిప్పే 90:1 రోటరీ టేబుల్ (హ్యాండిల్ 90 చుట్లు తిప్పితే టేబుల్ ఒక చుట్టు) వాడుతున్నాం. ఎనిమిదో రంధ్రానికీ మొదటి రంధ్రానికీ మధ్య దూరం 0.12 మి.మీ. ఎక్కువ వస్తోంది. కస్టమర్ సరుకు తిప్పి పంపాడు. మా అబ్బాయి సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) రోటరీ టేబుల్ కొనేద్దామంటున్నాడు. కొనమంటారా? – వర్క్‌షాపు యజమాని, జీడిమెట్ల

జవాబు: ఇప్పుడే కొనకండి. నేరమంతా ఎనిమిదో రంధ్రం మీద మోపారు గాని, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎంత వచ్చిందో రాయలేదు. నాకు అసలు కావలసిన అంకె అదే.

12 మి.మీ. డోవెల్ పిన్నులు రెండు తీసుకుని పక్కపక్క రంధ్రాల్లో దింపండి. 50–75 మైక్రోమీటర్‌తో రెండు పిన్నులనూ కలిపి బయటి అంచుల మీద కొలవండి. 160ని సైన్ 22.5 డిగ్రీలతో గుణిస్తే 61.229. దానికి ఒక పిన్ను వ్యాసం కలిపితే 73.229. మైక్రోమీటర్ చూపవలసింది ఇంత. ఎనిమిది జతలనూ కొలిచి, కాగితం మీద ఫ్లాంజి బొమ్మ గీసి, ఏ జత కొలత ఆ జత మధ్యన రాయండి. నోటుపుస్తకంలో వరుసగా రాసుకుంటే కనిపించని తప్పు, బొమ్మ మీద రాస్తే చూడగానే పట్టుబడుతుంది.

ఎనిమిదికీ ఒకటికీ మధ్య 0.12 ఎక్కువై, ఒకటికీ రెండుకూ మధ్య దాదాపు అంతే తక్కువై, మిగతా ఆరూ బాగుంటే ఎనిమిదో రంధ్రం నిర్దోషి. మొదటి రంధ్రమే పక్కకు పడింది. నా అనుమానం ఇదే. ఫ్లాంజిని బిగించి, డయల్ గేజ్ పెట్టి ట్రూ చేస్తూ (కేంద్రం సరిచూస్తూ) టేబుల్‌ను అటూ ఇటూ తిప్పుతారు. ఆఖరుసారి ఎటు తిప్పారో ఎవరికీ గుర్తుండదు. సున్నా మీద ఉంది కదా అని క్లాంపు బిగించి మొదటి రంధ్రం వేసేస్తారు. అక్కడి నుంచి మాత్రం బుద్ధిగా ఒకే వైపు తిప్పుకుంటూ పోతారు. హ్యాండిల్‌తో తిరిగే మరకూ (వర్మ్), అది తిప్పే చక్రం పళ్లకూ మధ్య కొంత సందు (బ్యాక్‌లాష్) ఉండక తప్పదు. మొదటి రంధ్రం వేసేటప్పుడు వర్మ్ పంటికి ఒక పక్క ఆనింది, మిగతా ఏడింటికీ రెండో పక్క ఆనింది. 80 మి.మీ. వ్యాసార్ధం మీద 0.12 అంటే కోణంలో ఐదారు నిమిషాలు. బాగా వాడిన చేతి టేబుల్‌లో అంత బ్యాక్‌లాష్ ఉండటం వింతేమీ కాదు.

మొదటి రంధ్రానికి ముందు హ్యాండిల్‌ను సగం చుట్టు వెనక్కు తిప్పి, మీరు పని చేయబోయే వైపు నుంచే సున్నాకు రండి. గీత దాటిపోతే వేలితో తట్టి వెనక్కు జరపకండి. మళ్లీ సగం చుట్టు వెనక్కు వెళ్లి రావలసిందే. వర్మ్‌ను చక్రానికి దగ్గరగా జరిపే ఎక్సెంట్రిక్ బుష్ మీ టేబుల్‌లోనూ ఉంటుంది, దానితో సందు తగ్గించవచ్చు. అలాగని ఎక్కడ పడితే అక్కడ బిగించకండి. చక్రం అన్నిచోట్లా సమానంగా అరగదు. రోజూ పని జరిగే భాగం ఎక్కువ అరుగుతుంది. అరిగినచోట సందు లేకుండా పెడితే అరగనిచోట పట్టేస్తుంది. చుట్టంతా తిప్పి చూసి, అన్నిటికంటే బిగువుగా ఉన్నచోట సర్దండి.

రెండో అవకాశం. ఏడు దూరాలూ లెక్కకంటే తలా 0.015 తగ్గి, ఆ తరుగంతా చివరి దూరంలో 0.105 పెరుగుదలగా తేలవచ్చు. అప్పుడూ మీకు కనిపించే తేడా 0.12. ఇలా వచ్చిందంటే మీ ఆపరేటర్ ప్రతి రంధ్రం తర్వాతా డయల్ కాలర్‌ను (హ్యాండిల్ దగ్గరి గీతల ఉంగరాన్ని) సున్నాకు తిప్పుకుంటున్నాడు. 90:1 టేబుల్‌లో హ్యాండిల్ ఒక చుట్టుకు 4 డిగ్రీలు. 45 డిగ్రీలకు 11 చుట్లు, పైన 1 డిగ్రీ. ఆ ఒక డిగ్రీ చదవడంలో ప్రతిసారీ ఒకే వైపు వెంట్రుకవాసి తేడా పడితే ఏడుసార్ల తేడా పోగవుతుంది. కాలర్‌ను మొదట్లో ఒక్కసారే సున్నా చేసి, 0, 45, 90, 135 అని పట్టిక రాసి మెషీన్‌కు అతికించండి. ప్రతి కోణాన్నీ మొదటి సున్నా నుంచే చదవాలి.

ఎనిమిది కొలతలూ సమానంగా వచ్చి కూడా ఫ్లాంజి పంపు మీద కూర్చోకపోతే అది కోణం జబ్బే కాదు. రంధ్రాలు టేబుల్ ఇరుసు చుట్టూ చక్కగా పడ్డాయి, ఫ్లాంజి బోరు చుట్టూ పడలేదు, అంతే. ముందు టేబుల్ కేంద్రాన్ని స్పిండిల్ కిందికి తెచ్చి రెండు స్లైడులూ బిగించండి, ఆ తర్వాతే బోరును టేబుల్ మీద ట్రూ చేయండి. డయల్ మొత్తం 0.02 ఊగితే కేంద్రం 0.01 తప్పిందని లెక్క.

ఇవన్నీ చేశాక కూడా నెలకు వందల ఫ్లాంజీల ఆర్డరుంటే సీఎన్‌సీ టేబుల్ కొనండి, పని వేగం కోసం. మొదటి రంధ్రం తప్పును కప్పిపుచ్చడానికి అంత డబ్బు పోయనక్కర్లేదు.

ప్రశ్న: 40:1 డివైడింగ్ హెడ్ (హ్యాండిల్ 40 చుట్లకు జాబ్‌ను ఒక చుట్టు తిప్పే పరికరం) మీద 13 పళ్లు కోయాలి. దాని ప్లేట్ మీది 39 రంధ్రాల వలయంలో మూడు చుట్లు, మూడు రంధ్రాలు అని సార్ చెప్పారు. అలాగే చేశాను. చివరి పన్ను మాత్రం లావుగా వచ్చింది. ప్లేట్ తప్పా? – డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జవాబు: ప్లేట్ మంచిదే, మీ సార్ లెక్కా మంచిదే. 40ని 13తో భాగిస్తే మూడూ పదమూడో వంతు, 39లో పదమూడో వంతు 3. తప్పు మీ వేలిది. పిన్ను కూర్చున్న రంధ్రాన్నే ఒకటిగా లెక్కపెట్టారు. అప్పుడు పిన్ను మూడు కాక రెండే రంధ్రాలు కదిలింది. చివరి పన్ను మిగతావాటికంటే సరిగ్గా 3 డిగ్రీలు వెడల్పుగా ఉందేమో కొలిచి చూడండి. ఉంటే నేను చెప్పిందే జరిగింది.

లెక్కపెట్టవలసింది రంధ్రాలను కాదు, వాటి మధ్య ఎడాలను. ప్లేట్ మీద ఎడం గుర్తుపెట్టే రెండు చేతులు, సెక్టర్ ఆర్మ్‌లు, అందుకోసమే ఉన్నాయి. పిన్ను ఉన్న రంధ్రంతో కలిపి నాలుగు రంధ్రాలు వాటి మధ్య కనిపించేలా బిగించండి. ఇక పళ్లు కోసేటప్పుడు ఎవరు పలకరించినా లెక్క తప్పదు. వైవాలో అడుగుతారేమో, అదే పని 90:1 రోటరీ టేబుల్ మీదైతే ఆరు చుట్లు, 39 వలయంలో 36 రంధ్రాలు.

ప్రశ్న: ఆరు స్టేషన్ల తిరిగే టేబుల్ దగ్గర స్విచ్చుల అసెంబ్లీ చేస్తాను. నేను రంధ్రంలో నిలబెట్టిన స్క్రూ, టేబుల్ తిరిగి ఆగేసరికి పడిపోతోంది. నేను సరిగ్గా పెట్టడం లేదని సూపర్‌వైజర్ అంటున్నారు. నిజంగా నా తప్పేనా? – ఆపరేటర్, శ్రీసిటీ

జవాబు: తేల్చుకోవడానికి ఒక పని చేయండమ్మా. స్క్రూలు నిలబెట్టే ఆరు గూళ్లకూ మార్కర్‌తో 1 నుంచి 6 వరకు అంకెలు వేయించండి. ఒక షిఫ్టులో పడిన ప్రతి స్క్రూకూ ఏ గూడులో పడిందో గీత పెట్టండి. గీతలన్నీ ఒకే గూడు దగ్గర చేరితే ఆ గూడు అరిగింది. ఆరింటికీ ఇంచుమించు సమానంగా వస్తే టేబుల్ కదలికలోనే కుదుపు ఉంది. మీ చేతి తప్పైతే షిఫ్టు మొదట్లో తక్కువగా, అలసిపోయిన వేళ ఎక్కువగా వస్తాయి. ఆ కాగితం మీ సూపర్‌వైజర్‌గారి చేతికి ఇవ్వండి.

కుదుపైతే మెయింటెనెన్స్ వాళ్లు చూడవలసినవి ఇవి. టేబుల్ గాలితో తిరిగేదైతే, ఆగే చోట ఉండే షాక్ అబ్జార్బర్ నూనె కారిపోయి ఉండవచ్చు. గాలి ఒత్తిడి తగ్గించడం దానికి మందు కాదు. మోటారుతో తిరిగేదైతే కింద జెనీవా చక్రం ఉందో, క్యామ్ ఇండెక్సర్ ఉందో చూడాలి. జెనీవా అంటే నక్షత్రంలా గాడులున్న చక్రం. పక్కనున్న చక్రం మీది రోలర్ గాడిలో దూరి దాన్ని ఒక అడుగు తిప్పి బయటికి వస్తుంది. ఆరు గాడుల జెనీవాలో తిప్పే చక్రం చుట్టులో 120 డిగ్రీలు కదలికకు, 240 డిగ్రీలు విశ్రాంతికి పోతాయి. పాత సినిమా హాళ్ల ప్రొజెక్టర్‌లో ఫిల్మును ఒక్కో బొమ్మ చొప్పున లాగింది దీని తోబుట్టువే, నాలుగు గాడులది. గడియారం సెకనుకు 24 బొమ్మలు లాగాలంటే రోలర్ చక్రం నిమిషానికి 1440 చుట్లు తిరగాలి. ప్రొజెక్టర్ గది కిటికీ దగ్గర నిలబడి ఆ చప్పుడు విన్నవారికి జెనీవా స్వభావం వేరే చెప్పనక్కర్లేదు.

ఆ చప్పుడులోనే దాని లోపమూ ఉంది. రోలర్ గాడిలోకి దూరిన క్షణాన వేగం సున్నాయే గాని త్వరణం ఒక్కసారిగా మొదలవుతుంది. గాడి అరిగితే ఆగేటప్పుడూ ఊగుతుంది. క్యామ్ ఇండెక్సర్‌లో క్యామ్ (టేబుల్‌ను తిప్పే వంపుల ముక్క) వంపును అలా గెంతు రాకుండా కోస్తారు, అందుకే ఖరీదు. కొత్తది కొనేదాకా మోటారు వేగం పదో వంతు తగ్గించి చూడమనండి. కుదుపు వేగం వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఉత్పత్తి కొంచెం తగ్గినా పడిన స్క్రూలు ఏరే పని తప్పుతుంది. అన్నట్టు, పడిపోతున్న స్క్రూను సరిచేయడానికి టేబుల్ కదులుతుండగా చెయ్యి పెట్టవద్దు. ఎవరు తొందరపెట్టినా సరే.

ప్రశ్న: 500 మి.మీ. రోటరీ టేబుల్‌కు రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి వర్మ్ టేబుల్, ఖచ్చితత్వం ±10 సెకన్లు, రిపీటబిలిటీ (అదే చోటికి తిరిగి రావడంలో తేడా) 4 సెకన్లు. రెండోది డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా తిప్పేది), అన్ని విధాలా మెరుగైన అంకెలు, ధర చాలా ఎక్కువ. మా జాబ్‌లో 250 వ్యాసార్ధం మీద రంధ్రాల స్థానానికి ±0.015 టాలరెన్స్ (ఒప్పుకునే తేడా). ఏది తీసుకోవాలి? – కొనుగోళ్ల ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: సెకన్లను ముందు మైక్రాన్లలోకి (మి.మీ.లో వెయ్యో వంతుల్లోకి) మార్చుకోండి. మీటరు వ్యాసార్ధం మీద ఒక సెకను 4.85 మైక్రాన్లు. నోటి లెక్కకు, ప్రతి 100 మి.మీ.కు అర మైక్రాన్ అనుకోండి. 250 మీద 10 సెకన్లంటే 12 మైక్రాన్లు. మీకున్నవే 15. మిగిలిన మూడింట్లో స్పిండిల్, ఫిక్చర్, డ్రిల్ పక్కకు జరగడం, మధ్యాహ్నం వేడి అన్నీ సర్దుకోవాలి. సర్దుకోవు.

అలాగని రెండోది కొనెయ్యమని కాదు. ±10 అన్నది ఎలా కొలిచారో ముందు అడగండి. రెండు వైపుల నుంచీ వచ్చి కొలిచారా, ఒకే వైపు నుంచా? క్లాంపు బిగించాక కొలిచారా, వదిలేసి కొలిచారా? ఈ రెండో ప్రశ్న అడిగితే కొందరు అమ్మకందార్లు టీ తెప్పిస్తారు. క్లాంపు బిగిసేటప్పుడు టేబుల్ ఒక పక్కకు జరగడం మామూలే, మీ రంధ్రం పడేది ఆ తర్వాతే. ఐఎస్ఓ 230-2 (యంత్రం ఖచ్చితత్వం కొలిచే ప్రమాణం) ప్రకారం తీసిన గ్రాఫు ఇమ్మనండి, అంకె ఒక్కటే వద్దు. గ్రాఫు చుట్టంతా ఒకే పెద్ద అలలా ఉంటే అది ఎక్కువగా కేంద్రం తప్పిన లక్షణం. ప్రతిసారీ అదే ఆకారంలో తిరిగి వస్తుంది కాబట్టి కంట్రోలర్‌లో కాంపెన్సేషన్ పట్టిక పెట్టి చాలావరకు తీసేయవచ్చు. రిపీటబిలిటీ 4 సెకన్లు నిజమైతే మీకు ±10 టేబుల్ కూడా పనికి రావచ్చు. గ్రాఫు చిందరవందరగా ఉంటే ఏ పట్టికా కాపాడదు.

డైరెక్ట్ డ్రైవ్‌లో వర్మ్ ఉండదు, బ్యాక్‌లాష్ ఉండదు, వేగం బాగుంటుంది. తిరుగుతూనే కోత వేసే పనికి అదే సరైనది. మీరేమో ఆగి రంధ్రాలు వేస్తున్నారు. దాని మోటారు వేడెక్కుతుంది కాబట్టి కూలింగ్ కావాలి, కరెంటు పోతే పట్టి ఉంచే బ్రేక్ కావాలి. మీ ఉత్తరంలో చెప్పిన పనికైతే నేను మంచి గ్రాఫున్న వర్మ్ టేబుల్‌ను, మిగిలిన డబ్బుతో మంచి ఫిక్చర్‌ను కొంటాను.

ప్రశ్న: వేలంలో 72 స్థానాల హిర్త్ టేబుల్ కొన్నాను. చాలా ఖచ్చితమైనదని అందరూ అన్నారు. ఇప్పుడు 16 గాడుల స్ప్లైన్ (గాడులున్న షాఫ్టు) ఆర్డరు వచ్చింది. దీని మీద 22.5 డిగ్రీలు రావడమే లేదు! ఇంత ఖరీదైన టేబుల్‌తో అంత చిన్న పని కాదా? – వర్క్‌షాపు యజమాని, కుషాయిగూడ

జవాబు: కాదు. అందులో టేబుల్ తప్పేమీ లేదు. జర్మన్ ఇంజనీరు ఆల్బర్ట్ హిర్త్ పేరు మీద వచ్చిన ఆ కూర్పులో రెండు ఉంగరాలు ఉంటాయి. ఒకదాని ముఖం మీది పళ్లు, చేతి వేళ్లు జోడించినట్టు, రెండోదాని పళ్లలో కూర్చుంటాయి. టేబుల్ లేస్తుంది, తిరుగుతుంది, మళ్లీ దిగుతుంది. మధ్యలో ఆగడానికి చోటు లేదు. 72 పళ్లంటే అడుగుకు 5 డిగ్రీలు. 22.5 అంటే నాలుగున్నర అడుగులు, ఆ అర అడుగు దగ్గర పంటి మీద పన్ను కూర్చుంటుంది.

దాని గొప్ప వేరే ఉంది. బిగించినప్పుడు పళ్లన్నీ ఒకేసారి ఆనుతాయి. ఒక పన్ను రెండు మైక్రాన్లు లావైనా మిగతా 71 పళ్లు దాన్ని సరిదిద్దుతాయి. అందుకే అది ఆగినచోటుకే, ఏళ్ల తర్వాత కూడా, తిరిగి వస్తుంది. సీఎన్‌సీ లేత్ టరెట్‌లో టూల్ మారిన ప్రతిసారీ అదే చోటికి రావడం వెనుక ఉన్నదీ ఇలాంటి పళ్ల కూర్పే.

మీ ఆర్డరుకు దారి ఉంది. పదహారును ఎనిమిది చొప్పున రెండు జట్లు చేయండి. 45 డిగ్రీలు మీ టేబుల్‌కు తొమ్మిది అడుగులు, హాయిగా వస్తుంది. టేబుల్ మీద ఒక సబ్‌ప్లేట్ పెట్టి, దాన్ని రెండు స్థానాల్లో బిగించేలా డోవెల్ రంధ్రాలు వేయండి. రెండు స్థానాల మధ్య కోణం 22.5 ఉండాలి. 150 మి.మీ. వ్యాసార్ధం మీద వేస్తే ఆ రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం 58.527. మొదటి స్థానంలో ఎనిమిది గాడులు, ప్లేట్ మార్చి మిగతా ఎనిమిది. జాబ్‌ను ప్లేట్ మీద నుంచి విప్పకూడదు, ప్లేట్ కేంద్రంలో స్పిగాట్ (కేంద్రం తప్పకుండా పట్టే బొడిపె) తప్పనిసరి. డోవెల్ రంధ్రం 0.01 తప్పితే 150 మీద దాదాపు 14 సెకన్లు. అందుకే ఆ రంధ్రాలను డ్రిల్లింగ్ మెషీన్ మీద వేయకండి, జిగ్ బోరింగ్ ఉన్న టూల్‌రూమ్‌లో వేయించండి. డోవెల్‌లు స్ప్లైన్ కంటే ఎంత దూరంగా ఉంటే మీకు అంత మేలు.

వేలంలో కొన్నారు కాబట్టి ఒక పరీక్ష. టేబుల్ ముఖం మీద డయల్ పెట్టి, ఐదేసి డిగ్రీలు జరుపుతూ బిగించిన ప్రతిసారీ చదవండి. ఏ ఒకటి రెండు చోట్లో ముల్లు గెంతితే పళ్ల మధ్య చిప్పు ఇరుక్కుంది, లేదా పంటి మీద బర్ లేచింది. విప్పి బ్రష్‌తో, గుడ్డతో తుడవండి. ఎయిర్ గన్ వద్దు, చిప్పును సీలు లోపలికి తోస్తుంది.

ప్రశ్న: వృత్తాన్ని ఖచ్చితంగా భాగించే యంత్రం చేయాలంటే ముందే ఖచ్చితంగా భాగించిన చక్రం కావాలి కదా! మరి మొట్టమొదటిది ఎలా వచ్చింది? మా తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు, నేను చెప్పలేకపోయాను. – గణితం టీచరు, నెల్లూరు

జవాబు: ఆ పిల్లవాడికి నా తరఫున ఒక కంపాస్ బాక్స్ కొనివ్వండి.

పొడవు కొలవాలంటే బయట ఎక్కడో ఒక ప్రమాణం కావాలి. వృత్తానికి అక్కర్లేదు. అది తిరిగి మొదలైన చోటికే వస్తుంది, కాబట్టి భాగాలన్నీ కలిపి 360 కాక మరొకటి అవడానికి వీల్లేదు. డివైడర్‌ను ఒక ఎడానికి బిగించి వృత్తం చుట్టూ పది అడుగులు వేయించండి. పదో అడుగు మొదటి చుక్కకు 2 మి.మీ. ముందే ఆగితే ఒక్కో అడుగు ఇంచుమించు 0.2 తక్కువని స్కేలు లేకుండానే తెలిసింది. సరిచేసి మళ్లీ నడిపించండి. పూర్వం పనిమంతులు ఇలా సరిచేస్తూనే వృత్తాలను భాగించారు.

దాన్ని యంత్రం పనిగా మార్చినవారిలో ప్రముఖుడు లండన్‌లోని జెస్సీ రామ్స్‌డెన్. 1770ల మధ్యలో పూర్తిచేసిన ఆయన రెండో యంత్రంలో 45 అంగుళాల కంచు చక్రం, దాని అంచున 2160 పళ్లు, వాటిలో ఇమిడే ఒక మర. మర ఆరుసార్లు తిరిగితే చక్రం ఒక డిగ్రీ. కాలితో తొక్కే పెడల్‌తో నడిచేది. మీరు నేడు ఏ వర్క్‌షాపులో చూసినా రోటరీ టేబుల్ లోపల ఉన్నది ఆ చక్రమూ ఆ మరే. ఓడలు దారి తప్పకుండా ఉండాలంటే సెక్‌స్టాంట్ల (ఓడ మీద కోణాలు కొలిచే పరికరాల) గీతలు సరిగ్గా ఉండాలి కాబట్టి, బ్రిటన్‌లోని లాంగిట్యూడ్ (రేఖాంశాల) బోర్డు ఆయనకు 615 పౌండ్లిచ్చింది. అందులో 300 బహుమానం, 315 యంత్రం వెల. షరతులూ పెట్టింది. పనితనం ఇతరులకు నేర్పాలి, తయారీ విధానం అచ్చువేయాలి, వేరే వాళ్లు తెచ్చిన సెక్‌స్టాంట్లను కూడా ఆరు షిల్లింగులకే భాగించి ఇవ్వాలి. వివరణ 1777లో అచ్చయింది. యంత్రం ఇప్పుడు అమెరికాలోని స్మిత్‌సోనియన్‌లో ఉంది. ప్రభుత్వ సొమ్ముతో పుట్టిన పనితనాన్ని తాళం వేసి దాచుకోనివ్వని ఆ షరతు నాకు చాలా ఇష్టం.

గీతల చక్రం వంకర పోతే ఏమవుతుందో మన పక్కనే జరిగింది. బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ దక్షిణ భారతం సర్వేకు తెచ్చిన పెద్ద థియోడొలైట్ (కోణాలు కొలిచే పరికరం) లండన్‌లో విలియం కేరీ చేసినది, చక్రం 36 అంగుళాలు, బరువు అర టన్ను. 1808లో తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకుంది, చక్రం వంగిపోయింది. ఇంకొకటి తెప్పించే వీల్లేక లాంబ్టన్ పనివాళ్లతో కూర్చుని ఆరు వారాలు శ్రమపడి, కొంచెం కొంచెంగా లాగి దాదాపు పూర్వపు ఆకారానికి తెచ్చాడు. ఆ పరికరంతోనే సర్వే తర్వాత హైదరాబాదు రాజ్యం మీదుగా ఉత్తరానికి సాగింది. అలాంటి చక్రంతో పని జరగడానికి ఒక ఉపాయం తోడైంది. చక్రానికి ఎదురెదురుగా ఉన్న సూక్ష్మదర్శినులతో చదివి సగటు తీస్తే కేంద్రం తప్పిన దోషం పోతుంది. ఒక పక్క ఎంత ఎక్కువ చూపిస్తే రెండో పక్క అంతే తక్కువ చూపిస్తుంది. కేంద్రం 10 మైక్రాన్లు తప్పితే 100 మి.మీ. వ్యాసార్ధం మీద 20 సెకన్ల పైన తేడా వస్తుంది. అందుకే ఇప్పటి ఖరీదైన టేబుళ్లలోనూ ఎన్‌కోడర్ (కోణం చదివే గీతల) ఉంగరానికి ఎదురెదురుగా రెండు రీడింగ్ హెడ్లు పెడతారు.

పిల్లవాడికి ఇంకొకటి చెప్పండి. అమెరికాలో మూర్ కంపెనీ చేసిన 1440 పళ్ల ఇండెక్స్ టేబుల్ ఖచ్చితత్వం సెకనులో పదో వంతు. దాన్ని పరీక్షించడానికి అంతకంటే గొప్ప టేబుల్ అక్కర్లేదు. అలాంటివే రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పుతూ తేడాలు రాసుకుంటారు. చుట్టు మూసుకుంటుంది కాబట్టి ఏ తేడా ఎవరిదో లెక్కలోనే విడిపోతుంది.

ప్రశ్న: చేతి రోటరీ టేబుల్‌కు స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అడుగులుగా తిరిగేది) తగిలించాను. మోటారుకు 200 స్టెప్పులు, మైక్రోస్టెప్ 8 (ఒక్కో స్టెప్పుకు 8 ముక్కలు), టేబుల్ 90:1. అంటే నా టేబుల్ ఖచ్చితత్వం 9 సెకన్లు. కానీ 7 భాగాలు చేస్తే చుట్టు చివర కలవడం లేదు. – బీటెక్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: 200, 8, 90 గుణిస్తే 1,44,000 స్టెప్పులు, ఒక్కోటి 9 సెకన్లు. లెక్క సరే. కానీ అది మీరు అడగగలిగిన అతి చిన్న కదలిక. టేబుల్ నిజంగా అంతే కదిలిందని అర్థం కాదు. మైక్రోస్టెప్ సమానంగా పడదు, భారం ఉంటే మరీను. వర్మ్ చక్రం తప్పు, బ్యాక్‌లాష్ మోటారు తగిలించినంత మాత్రాన ఎక్కడికీ పోవు. మీ ప్రోగ్రాంలోనూ ప్రతి స్థానానికీ ఒకే వైపు నుంచి వచ్చేలా రాయండి.

చుట్టు కలవకపోవడానికి కారణం వేరే. 1,44,000ను 7తో భాగిస్తే 20,571.43 వస్తుంది. మీ ప్రోగ్రాం ప్రతిసారీ 20,571 కలుపుకుంటూ పోతోంది. ఏడుసార్లకు 1,43,997. మూడు స్టెప్పులు, అంటే 27 సెకన్లు ఎగిరిపోయాయి. ఇలా తిరుగుతూనే ఉంటే చుట్టుకు 27 చొప్పున పెరుగుతాయి. అడుగు మీద అడుగు కలపకండి. మూడో స్థానం కావాలంటే 1,44,000ను 3తో గుణించి, 7తో భాగించి, ఆ వచ్చినదాన్ని పూర్ణాంకం చేసి అక్కడికి పంపండి. అప్పుడు ఏ స్థానంలోనూ తప్పు అర స్టెప్పు దాటదు, ఏడోది సరిగ్గా సున్నా మీద వాలుతుంది. జీడిమెట్ల యజమానికి కాలర్ గురించి రాసిన జవాబు మీరూ చదవండి. ఆయన ఆపరేటర్ చేత్తో చేసిందే మీరు కోడ్‌లో చేశారు.

తేడా 27 సెకన్ల కంటే చాలా ఎక్కువుంటే మోటారు స్టెప్పులు వదిలేస్తోంది. టేబుల్ క్లాంపు కొంచెం బిగిసి ఉండగానే తిప్పుతున్నారేమో చూసుకోండి.

ప్రశ్న: ఉత్తరం లేదు, ఒక ఫొటో మాత్రమే. వెనుక ‘ఇది ఎందుకు ఊగుతోంది?’ అని ఉంది. – పాఠకుడు, చీరాల

జవాబు: ఫొటోలో టేబుల్ కంటే దాని కింద పెట్టిన రేకు ముక్కలే స్పష్టంగా కనిపిస్తున్నాయి. అవి తీసేసి, టేబుల్ అడుగునూ మెషీన్ బెడ్‌నూ ఆయిల్ స్టోన్‌తో రుద్ది, తుడిచి, నాలుగు బోల్టులూ ఎదురెదురుగా బిగించండి. ఆ తర్వాత కూడా ఊగితే డయల్ రీడింగులు రాసి పంపండి.